తోమని రూపాయి

జిలాన్ బాషా ఎవరింటికి పోయినా గడప దాటకముందే అడిగే మాట ఒకటుంది. "తోమినారా?"

అడిగేది గిన్నెల గురించి కాదు, పాత వెండి రూపాయల గురించి. బత్తలపల్లె చుట్టుపక్కల ఏ ఇంట్లో గోడ పడగొట్టినా, అటక మీది పెట్టె దించినా, ముసలామె పోయాక ఆమె బొడ్డుసంచి విప్పినా, రాణి బొమ్మ రూపాయో బోడితల రాజు రూపాయో ఒకటి బయటపడుతుంది. "బాషాకు చూపించండప్పా" అంటారు ఎవరో. కబురు వస్తుంది. బాషా చొక్కా జేబులో భూతద్దం వేసుకుని బయలుదేరతాడు. ఆయన వచ్చేలోపల ఆ ఇంటివాళ్ళు, పెద్దమనిషి వస్తుంటే నల్లటి రూపాయి ఎట్లా చూపిస్తామని, చింతపండూ ఉప్పూ వేసి కొబ్బరిపీచుతో తళతళలాడేట్టు తోమి పళ్ళెంలో పెడతారు. ఆ మర్యాదే కొంప ముంచుతుంది.

"బాగా తోమినాం అన్నా" అని ఇంటామె గర్వంగా చెబుతుంది. బాషా పళ్ళెం వైపు ఒకసారి చూసి, కూర్చోకుండానే తీర్పు చెప్పేస్తాడు. "కడిగిన ముఖం. బీరువాలో పెట్టుకోండి."

వినేవాళ్ళకు అది తిట్టులా ఉంటుంది. శుభ్రమైన వస్తువును చూసి మొహం చిట్లించే మనిషిని వాళ్ళు ఎక్కడా చూసి ఉండరు. ఇంతకంటే ఎట్ల మెరవాలప్పా అని అడుగుతారు. మెరవకూడదు, అదే సంగతి. వెండి ఏళ్ళ తరబడి గాలి తగిలి మెల్లగా నల్లబడుతుంది. ఆ నలుపును బాషా 'వయసు' అంటాడు. వయసున్న మంచి రూపాయిని వెలుగులో అటూ ఇటూ వంచితే, టంకసాలలో పడిన మొదటి మెరుపు ఆ నలుపు అడుగున బండిచక్రం ఆకుల్లాగా గుండ్రంగా తిరుగుతుంది. తోమిన రూపాయికి ఆ తిరుగుడు ఉండదు. స్టీలు పళ్ళెం మాదిరి ఒకటే మెరుపు, దాని నిండా పీచు గీసిన సన్నటి గీతలు. ఒకసారి పోయిన వయసును మళ్ళీ తెచ్చిపెట్టడం ఎవరి తరమూ కాదు.

నాణేలవాళ్ళ పుస్తకాల్లో నాణెం స్థితిని బట్టి తరగతులుంటాయి, అన్నీ ఇంగ్లీషు పేర్లే. బాషా వాటిని కూడబలుక్కుని చదివాడు, బాగానే ఒంటబట్టించుకున్నాడు. కానీ ముదిగుబ్బ గొర్రెల కాపరికి 'ఎక్స్‌ట్రా ఫైన్' అని చెబితే ఏం తెలుస్తుంది? అందుకని తన మాటలు తాను పెట్టుకున్నాడు. రాణి ముక్కూ చెంపా కలిసిపోయి ముఖం చదునైతే 'అరిగింది'. ముఖం తెలుస్తూ చెవి మీది జుట్టు చెరిగిపోతే 'వాడింది'. జుట్టు పాయలూ రవిక మీది పువ్వులూ విడివిడిగా కనిపిస్తే 'నిలిచింది'. ఎవరి చేతిలోనూ నలగకుండా అచ్చులోంచి జారినట్టే ఉంటే 'పుట్టింది పుట్టినట్టే'. ఈ చివరి మాట ఆయన నోట రావడం అరుదు. చూపించినవాళ్ళు చుట్టాలైనా, టీ ఇచ్చినా, వేటకూర వండి పెట్టినా, తరగతి అర మెట్టు పైకి జరగదు. సొంత బావమరిది రూపాయినే 'వాడింది' అన్నందుకు ఆ బావమరిది రంజానుకు పిలవడం మానేశాడు. బాషా ఇంట్లోనే సేమ్యా తిని కూర్చున్నాడు గానీ మాట మార్చలేదు.

వింత ఏమిటంటే, ఇలాంటి మనిషి పుట్టింది తోమేవాళ్ళ ఇంట్లో. ఆయన నాయన షఫీవుల్లా కళాయి పెట్టేవాడు. భుజాన గాలి ఊదే తిత్తి, సంచిలో తగరం, అది పట్టడానికి చల్లే నవాసాగరం పొడి వేసుకుని ఊరూరా తిరిగేవాడు. ఇత్తడి గిన్నెను నిప్పుల మీద కాల్చి, గుడ్డతో గిరగిరా తిప్పి రుద్దితే లోపలంతా అద్దమయ్యేది. ఆ రుద్దుడు షఫీవుల్లా ఒంట్లో ఎంతగా పట్టిందంటే, ఖాళీగా కూర్చున్నప్పుడు మంచం కోడునైనా రుద్దుతుండేవాడు. తర్వాత స్టీలు వచ్చింది, ఆ వెనక కుక్కర్లు వచ్చాయి, కళాయి కథ ముగిసింది. బాషా బస్టాండు పక్కన గ్యాస్ పొయ్యిలు, కుక్కర్లు బాగుచేసే కొట్టు పెట్టుకుని సంసారం ఈదాడు. కొట్టులో ఆయన పని కూడా మసి పోగొట్టి మెరిపించడమే.

షఫీవుల్లా కొడుక్కి ఇచ్చి పోయిన ఆస్తి ఒక్కటే, ఒక రాణి రూపాయి. ఎక్కడో ఒక పెద్దింట్లో పెండ్లి గిన్నెలన్నిటికీ కళాయి పెడితే, ఆ ఇంటి ముసలాయన గోడగూట్లోంచి తీసి చేతిలో పెట్టినదట. షఫీవుల్లా దాన్ని దూదిలో చుట్టి ముక్కుపొడి డబ్బీలో దాచాడు. దాని జోలికి మాత్రం గుడ్డ తీసుకుని పోలేదు. ఎందుకు తోమలేదని చిన్నప్పుడు బాషా అడిగితే, "ఆయమ్మ ముఖం చూస్తే చెయ్యి రాలేదు నాయనా" అన్నాడు. బాషాకు తెలిసిన రూపాయల్లో 'పుట్టింది పుట్టినట్టే' అనిపించుకున్నది అదే మొదటిది. దాన్ని ఎవరికి చూపించినా చివర ఒక మాట కలిపేవాడు. "లోకంలో మా నాయన తోమకుండా వదిలింది ఇదొక్కటే." ఆ మాట చెప్పేటప్పుడు ఆయన మెడ కొంచెం నిక్కేది. వేరే ఎవరి గొప్పా ఆ ఇంట్లో చెప్పుకోవడానికి లేదు మరి.

ఇక గంగాధరప్ప. ధర్మవరంలో పట్టుచీరలు నేసే మనిషి, బాషా కంటే నాలుగైదేళ్ళు పెద్ద. ఇద్దరికీ పరిచయం ఒక వెండి అంగడిలో జరిగింది. అంగడాయన పాత రూపాయలు కుప్పగా పోసి కరిగించడానికి సిద్ధమవుతుంటే, కాళ్ళ పట్టీలు కొనడానికి వచ్చిన గంగాధరప్పా, ఏదో పొయ్యి బాగుచేయడానికి వచ్చిన బాషా ఒకే రూపాయి మీద ఇద్దరూ వేళ్ళు వేశారు. ఎవరూ వదల్లేదు. చివరికి ఆ కుప్పను చెరిసగం పంచుకుని, వేళ్ళు వేసిన రూపాయి కోసం బొమ్మాబొరుసు వేశారు. గంగాధరప్ప గెలిచాడు. ఆ కోపం తీర్చుకోవడానికి వచ్చే ఆదివారం బాషా బస్సెక్కి ధర్మవరం పోయాడు. ఆ తర్వాత ఆదివారాలన్నీ అక్కడే గడిచాయి. నలభై రకాల ఎరుపుల్ని విడివిడిగా చెప్పగల కన్ను గంగాధరప్పది. గిన్నె మీద సొట్టను వేలితో పట్టగల చెయ్యి బాషాది. ఒకరి రూపాయికి ఒకరు వంకలు పెట్టుకుంటూ, ఆంజినమ్మ పెట్టిన బొరుగుల ఉగ్గాని తింటూ, సాయంత్రానికి గొంతులు బొంగురుపోయేదాకా వాదులాడుకునేవాళ్ళు. ఆంజినమ్మ గంగాధరప్ప భార్య. "మొగుడూ పెండ్లాలు కూడా ఇంత కొట్లాడుకోరప్పా" అనేది.

ఎన్ని వంకలు పెట్టినా షఫీవుల్లా రూపాయి దగ్గరికి వచ్చేసరికి గంగాధరప్ప నోరు మెదపలేకపోయేవాడు. "ఇది నాకిచ్చెయ్" అని ఎన్ని ఏళ్ళు అడిగాడో. బాషా నవ్వి డబ్బీ మూసేవాడు.

అలాంటి డబ్బీని బాషా తన చేతులతో తానే ఇచ్చేశాడు. ఎట్లాగంటే, కండ్లలో పొర వచ్చింది.

ఆ పొర ఒక్కరోజులో రాలేదు. వచ్చినట్టు కూడా చెప్పలేదు. లోకం మెల్లగా పాత కాగితం రంగుకు తిరిగింది, అంతే. బాషా తప్పంతా భూతద్దం మీద వేసి ఇంకా పెద్దది కొన్నాడు. అదీ మసకగానే ఉంటే కంపెనీవాళ్ళను తిట్టాడు. సరిగ్గా ఆ రోజుల్లో గంగాధరప్ప తల్లి పోయింది. ఆమె ఉన్నన్నాళ్ళూ దేవుని గూటి మీద ఎవరి చెయ్యీ పడనివ్వలేదు. ఆమె పోయాక ఆ గూట్లోంచి ఒక రాణి రూపాయి బయటికి వచ్చింది. వరలక్ష్మీ వ్రతానికి కలశం ముందు పెట్టే రూపాయి అది. బజారు ముఖం ఎరగనిది కాబట్టి జుట్టు పాయ ఒక్కటి కూడా చెరగలేదు. ఏటా వ్రతానికి ముందు చింతపండుతో తోమడం వల్ల వయసనేది మాత్రం దానికి మిగల్లేదు. ఈ రెండో సంగతి బాషా కంటికి ఆనలేదు. కంట్లో ఉన్న పసుపంతా ఆ తెల్లటి వెండి మీద పడి, రూపాయి తేనె పూసినట్టు కనిపించింది. అలాంటి తేనెరంగు వయసు కోసం నాణేలవాళ్ళు ప్రాణం పెడతారు. దాని పక్కన నాయన రూపాయి బొగ్గులా ఉంది.

"మార్చుకుందామా అన్నా?" అన్నాడు బాషా, ఆత్రం బయటపడకుండా.

"దేనికి మారుస్తావు?"

"మా నాయన రూపాయి ఇస్తా."

గంగాధరప్ప నోరు తెరిచాడు. "మతి ఉండే మాట్లాడతాండావా?"

ఉండే మాట్లాడుతున్నాడు. ఇంకా చెప్పాలంటే, గంగాధరన్నను ఈసారి బాగా దెబ్బకొట్టానని లోపల మురిసిపోతూ మాట్లాడుతున్నాడు. నాయన రూపాయి కదా అని ఒకసారి వెనకాడాడు. దానికి వయసు మీరిపోయిందని సర్దిచెప్పుకున్నాడు. ఆంజినమ్మ ఒక్కతే అడ్డం చెప్పింది, దేవుని గూట్లో రూపాయి బయటికి పోతే ఎట్లా అని. పోయినదాని చోట్లో వచ్చినది కూర్చుంటుందిలే అని గంగాధరప్ప సముదాయించాడు. బాషాది ఎట్లాంటి రూపాయో ఆయనకు ఏళ్ళ తరబడి తెలుసు. గంగాధరప్ప జ్ఞాపకాన్ని నమ్మి మార్చుకున్నాడు, బాషా కంటిని నమ్మి మార్చుకున్నాడు. తప్పింది కన్ను.

ఇంటికి తెచ్చి చూపిస్తే ఆయన భార్య గౌస్‌బీ రూపాయిని వేళ్ళతో పట్టుకుని అంది, "మామ రూపాయి ఇచ్చి ఇది తెచ్చినావా? స్టీలు గ్లాసు మాదిరి ఉండాదే!"

"నీకేం తెలుసు వీటి సంగతి" అన్నాడు బాషా.

గౌస్‌బీకి రూపాయల సంగతి తెలియదు గానీ మొగుడి సంగతి తెలుసు. పసుపు చొక్కా వేసుకుని తెల్లదనుకుని నమాజుకు పోతున్న మనిషిని ఆమె కొద్ది రోజులుగా గమనిస్తూనే ఉంది. ఇక ఊరుకోలేదు. అనంతపురం పెద్దాసుపత్రికి లాక్కుపోయింది. డాక్టరమ్మ చూసి, పొర ముదిరి చాలా కాలమైందని, ఇన్నాళ్ళూ ఎట్లా తిరిగావని అడిగింది. ముందు ఒక కంటికి, తర్వాత రెండో కంటికి ఆపరేషన్ చేసి లెన్సు పెట్టారు.

నల్లద్దాలు తీసిన రోజు బాషా ఇంట్లో కూర్చుని చుట్టూ చూసి, "గోడకు నీలిమందు ఎప్పుడు కొట్టించినావు?" అని అడిగాడు.

"ఆ గోడ మన పెండ్లి నాటి నుంచీ తెల్లగానే ఉండాది" అంది గౌస్‌బీ.

అన్నం తెల్లగా ఉంది. ఆకాశం కొత్తగా ఉంది. గౌస్‌బీ ముఖం మీద ముడతలు కూడా కొత్తగానే ఉన్నాయి గానీ, ఆ మాట బయటికి అనకుండా ఉండేపాటి తెలివి ఆయనకు ఉంది. ఆ ఉత్సాహంలోనే రూపాయల పెట్టె తెప్పించుకుని తెరిచాడు. పైన, దూదిలో, ధర్మవరం రూపాయి ఉంది.

తెల్లగా ఉంది. పాతర వేసినా దాగనంత తెల్లగా, నిండా గీతలతో. పళ్ళెంలో పెట్టి ఎవరైనా చూపించి ఉంటే కూర్చోకుండా తీర్పు చెప్పి వచ్చేవాడు. బాషా దాన్ని ఎండలోకి తీసుకుపోయి వంచాడు. ఏదీ తిరగలేదు. ఆయనకు ఏడుపు వచ్చింది. కొత్త కండ్లకు నీళ్ళు తగలకూడదని డాక్టరమ్మ చెప్పింది కాబట్టి ఆ ఏడుపును కూడా సరిగ్గా ఏడవలేకపోయాడు.

ఆదివారం దాకా ఆగలేక మరునాడే ధర్మవరం బస్సెక్కాడు. కిటికీ పక్కన కూర్చుని, ఎండిన చెనిక్కాయ చేలు చూస్తూ, గంగాధరప్పను లోపల్లోపల కడిగేశాడు. తెలిసే ఇచ్చి ఉంటాడు. ఎరుపులో నలభై రకాలు చెప్పే మనిషికి తోమిన రూపాయి తెలియదా? నా కండ్లు పోయినాయని కనిపెట్టి ఉంటాడు. నాయన రూపాయి మీద ఎన్నాళ్ళ నుంచీ కన్నేసినాడు! బస్సు ధర్మవరం గేటు దగ్గర ఆగేసరికి ఈ కోపం చల్లారింది, ఎందుకంటే మార్చుకుందామని ముందు అడిగింది ఎవరో గుర్తొచ్చింది. ఆ మిగిలిన దారంతా సిగ్గుపడ్డాడు. అయినా రూపాయి మాత్రం కావాలి. అది లేకుండా తిరిగి రాకూడదు. అసలు సంగతి చెప్పకుండా, గౌస్‌బీ మామ రూపాయి కోసం ఏడుస్తోందని చెప్పి అడుగుదామనుకున్నాడు. పెండ్లాం పేరు ఇట్లాంటప్పుడు బాగా అక్కరకొస్తుంది.

గంగాధరప్ప మగ్గం మీద ఉన్నాడు. ఆంజినమ్మ పక్కనే ముక్కాలిపీట మీద కూర్చుని దారపు కండెలు ఒక్కొక్కటిగా చేతికి అందిస్తోంది. "ఇది ఎరుపు. ఇది మామిడాకు పచ్చ" అని అందించిన ప్రతిసారీ మెల్లగా చెబుతోంది. ఎన్నో ఆదివారాలు ఆ ఇంట్లో కూర్చున్న బాషా ఇది ఎప్పుడూ చూడలేదు. చూడలేదో, కనిపించలేదో.

"ఏమప్పా బాషా, కండ్లు కోయించుకున్నావంట?" అన్నాడు గంగాధరప్ప.

"కోయించుకున్నా అన్నా. నువ్వూ ఒకసారి చూపించుకోరాదా?"

"నాకేం రోగం? నిక్షేపంగా కనపడతాండాది. మా పెదనాయన ఆ కత్తికే కన్ను పోగొట్టుకున్నాడు. కత్తి కంటి కాడికి రాకూడదప్పా, వచ్చిందంటే మగ్గం మీద చెయ్యి ఆడదు."

బాషా గౌస్‌బీ ఏడుపు కథ చెప్పాడు. గంగాధరప్ప దారం విసిరే నాడెను పక్కన పెట్టాడు. తర్వాత, "ఆడబిడ్డ కండ్లనీళ్ళు మనకెందుకు? తీసుకుపో" అన్నాడు. అంత తేలిగ్గా అంటాడని బాషా అనుకోలేదు. "అయితే కడాకు ఒకసారి చూసుకోనీ. దినామూ పొద్దున లేసి చూస్తాండా దాన్ని. ఏం వయసప్పా అది! ఆంజినా, గూట్లో నుంచి రూపాయి తీసుకురా."

ఆంజినమ్మ చేతిలో కండెతోనే లేచింది. లోపలికి పోయింది. ఎంతకూ రాలేదు. తర్వాత లోపలి నుంచి పిలిచింది. "బాషా, గూడు అందడం లేదు, ఇట్ల రా అప్పా."

బాషా లోపలికి పోయాడు. గూడు ఆమె భుజం ఎత్తులోనే ఉంది. రూపాయి ఆమె అరచేతిలో ఉంది.

అది తెల్లగా ఉంది.

"గూట్లో పెట్టే ముందు తోమినా" అంది ఆంజినమ్మ. "నల్లటిదాన్ని లక్ష్మీదేవి ముందర ఎట్ల పెట్టాల? మా అత్త ఎట్ల చేసేదో అట్లే, చింతపండేసి, ఉప్పేసి తోమినా. తోమినాక దిగులైంది. ఈయప్ప చూసి ఏమంటాడో అని. మరునాడు తీసి చూసినాడు, భలే వయసు అన్నాడు. ఆ పొద్దే తెలిసింది నాకు, ఈయప్పకు కండ్లు పోతాండాయని."

ఊళ్ళో ఎవరెవరికో చెప్పిన 'కడిగిన ముఖం' అన్న మాట ఆమెకు చెప్పడానికి బాషాకు నోరు రాలేదు. ఆమె చేసిన తప్పు ఏముంది? వాళ్ళ ఇంటి పద్ధతి ఆమె చేసింది. ఆ గూట్లోకి రూపాయిని పంపించింది ఎవరు?

"పోయిన నెల ఒక చీర వెనక్కొచ్చింది" అని ఆమె గొంతు తగ్గించి చెప్పింది. "అంచులో రంగు మారింది. దారం తప్పు అని నేనే ఏదో చెప్పినా. అప్పటి నుంచీ కండెలు నేనే అందిస్తాండా. కనపడదని ఆయప్పకు తెలిస్తే మగ్గం దిగుతాడు. దిగితే ఇంక మనిషి మనకు దక్కడు. నువ్వు మాత్రం రూపాయి తోమినానని చెప్పద్దు బాషా. తిట్టడు, కొట్టడు. మాట్లాడకుండా ఉండిపోతాడు. అది నాతో కాదు."

"ఎన్నాళ్ళు అందిస్తావు వదినా కండెలు?"

ఆమె రూపాయిని ఆయన చేతిలో పెట్టింది.

బాషా రూపాయి తీసుకుని బయటికి వచ్చాడు. గంగాధరప్ప దాన్ని అందుకుని, కండ్ల దగ్గరికి తెచ్చుకుని, అటు తిప్పి ఇటు తిప్పి, మురిసిపోయాడు. "చూడు, చూడు. కొత్త కండ్లు వచ్చినాయి గదా నీకు. ఇప్పుడు చెప్పు, ఏం తరగతి?"

బాషా దగ్గర మాట సిద్ధంగానే ఉంది, పుట్టింది పుట్టినట్టే అని. ఆ ఒక్క మాట అంటే ఆంజినమ్మ బతికిపోతుంది, గంగాధరన్న సంతోషిస్తాడు, రూపాయి తీసుకుని ఇంటికి పోవచ్చు. గంగాధరన్న రేపు కూడా మగ్గం మీద కూర్చుని, పక్కన చెప్పేవాళ్ళు ఉన్నన్నాళ్ళు ఎరుపును ఎరుపు అనుకుంటూ నేస్తాడు. ఆ పొర ముదిరి ముదిరి, ఆపరేషన్‌కు కూడా లొంగకుండా పోయే రోజు వచ్చేదాకా.

"కడిగిన ముఖం" అన్నాడు బాషా.

గంగాధరప్ప నవ్వాడు. నవ్వులాట అనుకున్నాడు. బాషా ముఖం చూసి ఆపేశాడు. "ఏందప్పా?"

"తోమిన రూపాయి అన్నా ఇది. నిండా గీతలుండాయి."

లోపలి గడప దగ్గర ఆంజినమ్మ తలుపు పట్టుకుని నిలబడింది.

"ఎవరు తోమినారు?" అన్నాడు గంగాధరప్ప.

"మా నాయన" అన్నాడు బాషా.

ఆ తర్వాతి మాటలు ఆయన నేల చూస్తూ చెప్పాడు. "కళాయి పెట్టేటోడు గదా, చేతికి చిక్కింది తోమకుండా ఉంటాడా? ఎప్పుడో తోమినాడు. మళ్ళా పైన నలుపు పట్టింది. అడుగున గీతలు అట్లే ఉండాయి. మనిద్దరం ఇన్నేండ్లు నలుపే చూసినాం, గీతలు చూడలే. తోమలేదని మా నాయన నాతో చెప్పింది అబద్ధం. నేను మీ అందరికీ చెప్పిందీ అబద్ధమే. కొత్త కండ్లు వచ్చినాకే తెలిసింది."

పెట్టెలో ఆస్తి అంటూ ఏమీ లేని తన ఇంట్లో ఉన్న ఒకే ఒక గొప్పను ఆయన అట్లా నేలమీద పెట్టేశాడు. అది చేదుగా ఉంది. చనిపోయిన మనిషి వచ్చి కాదని చెప్పలేడు కాబట్టి ఇంకా చేదు.

గంగాధరప్ప భూతద్దం తెచ్చుకుని వెతికాడు. వాకిట్లోకి పోయి ఎండలో వెతికాడు. "గీతలు ఏవీ? నాకు ఒక్కటీ కనపడలేదే" అన్నాడు.

"ఉండాయి అన్నా. ఇంత లావుండాయి."

"నాకు కనపడలేదు అంటాండా గదా!"

"అదే నేను చెప్తాండేది" అన్నాడు బాషా.

గంగాధరప్ప ఎండలో అట్లాగే నిలబడ్డాడు. ఒకసారి రూపాయి వైపు చూశాడు. ఒకసారి మగ్గం మీది చీర వైపు చూశాడు. తర్వాత ఆంజినమ్మ వైపు, ఆమె చేతిలో మిగిలిపోయిన కండె వైపు చూశాడు. అది ఏ రంగో ఆమె ఇంకా చెప్పలేదు. ఆయన అడగలేదు. బాషా వైపు తిరిగి అడిగాడు. "నొప్పి ఉంటాదా?"

"చీమ కుట్టినంత కూడా ఉండదు."

"మా పెదనాయన..."

"మీ పెదనాయన కాలంలో గిన్నెలకు కళాయి పెట్టేవాళ్ళు అన్నా. ఇప్పుడు ఎవరు పెడతాండారు?"

ఆ రోజు బాషా రూపాయి తీసుకోకుండానే తిరిగి వచ్చాడు. గంగాధరప్ప తీసుకుపొమ్మనలేదు, బాషాకు అడగాలనిపించలేదు. పంపించడానికి వీధి మలుపు దాకా వచ్చిన ఆంజినమ్మ, "కండ్లొస్తే ఆయప్పకే తెలిసిపోతాది గదా బాషా" అంది. "తెలిస్తే తెలియనీ వదినా. కండ్లొచ్చిన సంతోషంలో కోపం తక్కువుంటాది" అన్నాడు. ఇంట్లో గౌస్‌బీ అడిగితే, రూపాయి అక్కడే ఉందని చెప్పి ఊరుకున్నాడు.

గంగాధరప్పకు ఆపరేషన్లు అయ్యేసరికి వానలు రావలసిన కాలం వచ్చింది, వానలు రాలేదు. బాషా కొట్టులో కూర్చుని ఎవరిదో పొయ్యి బర్నరు మసి గీకుతున్నాడు. ఈ మధ్య ఎవరైనా పాత రూపాయి తెస్తే చూసి తరగతి చెబుతున్నాడు గానీ, నాయన సంగతి మాత్రం ఎత్తడం లేదు. నల్లద్దాలు పెట్టుకున్న మనిషి ఒకడు బస్సు దిగి, సరాసరి కొట్టులోకి వచ్చి బల్ల మీద కూర్చున్నాడు. గంగాధరప్ప. ధర్మవరం వదిలి ఆయన బాషా కొట్టుకు రావడం అదే మొదటిసారి.

అద్దాలు తీసి కొట్టంతా చూశాడు. మసి పట్టిన పొయ్యిలు, గోడకు వేలాడదీసిన కుక్కరు మూతలు, బాషా తల మీది తెల్లవెంట్రుకలు. జేబులోంచి కాగితం పొట్లం తీసి విప్పాడు. రూపాయిని బల్ల మీద పెట్టాడు. మధ్యాహ్నపు ఎండకు అది ధగధగ మెరిసింది. అంచు చుక్కల సందుల్లో చింతపండు గుజ్జు ఎండి, సన్నటి గోధుమరంగు గీతలా కూర్చుని ఉంది. ఇద్దరూ దాన్ని చూశారు. షఫీవుల్లా పోయి ముప్పై ఏళ్ళయింది. ఆ గుజ్జుకు ఏడాది కూడా ఉండదు.

"వదిన బాగుందా?" అన్నాడు బాషా.

"బాగుండాది. నేనేమీ అనలే." గంగాధరప్ప రూపాయిని వేలితో బాషా వైపు నెట్టాడు. "నీది నువ్వు పెట్టుకో. మా యమ్మ రూపాయి నాకిచ్చెయ్."

బాషా కొట్టు వెనకున్న ఇంట్లోకి పోయి పెట్టెలోంచి ఆ రూపాయి తెచ్చి ఇచ్చాడు. గంగాధరప్ప తల్లి రూపాయిని చూడకుండానే జేబులో వేసుకున్నాడు. టీ తెప్పిస్తానంటే వద్దన్నాడు, ఎదురు బస్సుకు పోవాలన్నాడు. గడప దగ్గర ఆగి, నల్లద్దాలు పెట్టుకున్నాడు.

"బాషా" అన్నాడు. "మీ నాయన్ను ఇంకెప్పుడూ అట్లనద్దు."